రెండు వేళ్ల ఆసరా

తెనాలి కొత్తపేటలో విత్తనాల దుకాణం నడిపే వీరరాఘవయ్యకు యాభై ఆరేళ్లంటే, ఆయన భుజాలను చూసినవారు నమ్మరు. పొలం కొలకలూరులో, కాపురం దుకాణం వెనుక ఇంట్లో. ఇంటికీ దుకాణానికీ నడుమ, ఒకప్పుడు ఎరువుల బస్తాలు పేర్చిన గది ఒకటి ఉంది. ఆ గదిలోనే ఆయన పొద్దుటి పూట బల్లమీద వెల్లకిలా పడుకొని, బరువు తగిలించిన ఇనుప కడ్డీని రొమ్ము దాకా దించి, మళ్లీ చేతులు చాచినంత మేర పైకి నెడతాడు. జిమ్ముకు పోయే కుర్రవాళ్లు దీనినే బెంచ్ ప్రెస్ అంటారు.

ఈ అలవాటు ఆయనకు యాభై దాటాక అబ్బింది. ఒకనాడు హమాలీ రాక, యూరియా బస్తాను తానే దించబోయి నడుము పట్టుకొని కూలబడ్డాడు. మినుము విత్తనాల కోసం వచ్చిన వినయ్ కుమార్ మాస్టారు అది చూశారు. ఆయన వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరై, స్వస్థలమైన రేపల్లెలో ఉంటున్నవారు.

"ఏంటబ్బాయ్, నువ్వు బస్తాని ఎత్తావా, బస్తా నిన్ను ఎత్తిందా?" అన్నారట.

ఆ హాస్యమే స్నేహమైంది. గదిలోని బస్తాలను ఒక మూలకు చేర్చారు. ముత్తయ్య అనే వెల్డరు మందపాటి గొట్టాలతో బల్లనూ, కడ్డీ ఆనించే కొక్కేల స్తంభాలనూ తయారు చేశాడు. మూతపడిన ఒక జిమ్ము నుంచి కడ్డీ, ఇనుప ప్లేట్లు వచ్చాయి. నేలమీద రబ్బరు పరిచారు. అద్దాలు, తాళ్లు, రంగురంగుల యంత్రాలు కూడా కొందామని వీరరాఘవయ్య ఉబలాటపడ్డాడు గాని, బల్ల కదలకూడదు, కడ్డీ వంగకూడదు, తక్కినదంతా అలంకారమని మాస్టారు కొట్టిపారేశారు.

నేర్పిన తీరు కూడా అలాంటిదే. పాదాలను నేలకు అదిమిపెట్టడం, వీపు వెనుక రెక్క ఎముకలను దగ్గరకు లాగడం, కడ్డీని రొమ్ముకు ఆనించి ఒక్క క్షణం నిలపడం, చిన్న ప్లేట్లతో మాత్రమే బరువు పెంచడం. వారంలో మూడు పూటలు మాస్టారు రేపల్లె నుంచి తొలి రైలులో వచ్చి, శిష్యుడి తలాపున నిలబడి, ఒక్కొక్క చేతి రెండేసి వేళ్లను కడ్డీ కింద ఉంచేవారు. దించిన కడ్డీ లేచి లేచి సగంలో ఒకచోట ఆగిపోతుంది. ఆ చోట వేళ్లు తగిలేవి. కడ్డీ కదిలి పైకి పోయేది.

"నాదేం లేదబ్బాయ్. అంతా నీదే" అనేవారు ప్రతిసారీ.

ఇలా కొన్నేళ్లకు వీరరాఘవయ్య వంద కిలోలు నెట్టగలిగాడు. ఊళ్లో గౌరవం పెరిగింది. దానితో పాటే ఒక సందేహమూ పుట్టింది. వందలో తనదెంత, ఆ వేళ్లదెంత?

బాపట్లలో పెద్ద వయసువారికి పోటీలు పెడుతున్నారని తెలిసినప్పుడు నూట పది నెట్టి చూపాలని ఆయనకు పట్టుదల కలిగింది. మాస్టారు ససేమిరా ఒప్పుకోలేదు. వంద మీద ఒక్క చిన్న ప్లేటైనా పెట్టనివ్వలేదు. కారణం అడిగితే మాట దాటేశారు. ఆ పూట వీరరాఘవయ్యకు కోపం వచ్చింది.

"నేను మిమ్మల్ని దాటిపోతాననేగా మాస్టారూ మీ బాధ?" అన్నాడు.

మాస్టారు తువ్వాలు భుజాన వేసుకొని స్టేషనుకు నడిచారు. మళ్లీ ఎన్నడూ తెనాలిలో ఆ తొలి రైలు దిగలేదు. ఆ వారంలోనే, రేపల్లెలోని తమ ఇంట్లో, నిద్రలో గుండె ఆగి పోయారు. పోటీలు జరిగిపోయాయి. వీరరాఘవయ్య ఆ ఛాయలకు వెళ్లలేదు.

నెల తిరిగాక ఆయన మళ్లీ ఆ గది తలుపు తీశాడు. తలాపున నిలబడేవారు లేరు గనుక తొంభై కిలోలే పెట్టుకొని పడుకున్నాడు. కడ్డీ రొమ్మును తాకి లేచింది. సగంలో, ఎప్పుడూ ఆగే చోట, ఆగబోయింది. అప్పుడు రెండు వైపులా రెండేసి వేళ్లు తగిలాయి. కడ్డీ తేలికై పైకి పోయింది.

కొక్కేలకు ఆనించి లేచి చూశాడు. వెనుక బస్తాలున్నాయి. గదిలో మాత్రం నొప్పుల మందు వాసన ఉంది. మాస్టారు రాసుకునేది అదే. మోకాళ్లకు కాబోలనుకునేవాడు.

మొదట అది భ్రమ అనుకున్నాడు. ఎనభైకి దించి చూశాడు. డెబ్బైకి దించి చూశాడు. పసివాడు నెట్టగల బరువుకైనా ఆ స్పర్శ రాక తప్పలేదు. చివరకు బల్లను తిప్పి, తల గోడకు ఆనేటట్లు, మధ్యన మనిషి పట్టే చోటు లేకుండా జరిపాడు.

ఆయన భార్య కుసుమకుమారి గుమ్మంలో నిలబడి ఇదంతా గమనించింది. "గోడలోంచి కూడా వస్తారా ఏంటండీ మీ మాస్టారు?" అని నవ్వింది.

వచ్చారు. ఆ పూట కూడా వేళ్లు తగిలాయి. గోడ సున్నం మీద వీరరాఘవయ్య జుట్టు రాసుకుంటుండగానే తగిలాయి. ఆ మాట చెప్పాక కుసుమకుమారి మళ్లీ నవ్వలేదు.

భయం కన్నా ఆయనను ఎక్కువగా తిన్నది సందేహం. చచ్చిపోయి కూడా ఈ మనిషి తన బరువు మోస్తున్నాడంటే, బతికి ఉండగా ఎంత మోసి ఉంటాడు? తనదనుకొని తిరిగిన బలంలో తనది అసలు ఉందా? తేల్చుకోవాలంటే ఒంటరిగా వంద నెట్టాలి. ఒంటరితనమే దొరకడం లేదు.

మాస్టారి తోలు నడుముపట్టీ ఒకటి ఆ గది మేకుకు వేలాడుతుండేది. దాని కోసమే వస్తున్నారేమో, సొంతవారికి అప్పగిస్తే సరి అని తోచింది. మాస్టారి కూతురు లిడియా బాపట్లలో నర్సు. వీరరాఘవయ్య పట్టీని కాగితంలో చుట్టుకొని రైలెక్కాడు.

లిడియా ఆయనను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పట్టీని రెండు చేతులతో అందుకొని, దాని మీద తండ్రి చెమట మరకలను చాలాసేపు చూసింది. తాను వచ్చిన అసలు పని చెప్పడానికి వీరరాఘవయ్యకు నోరు రాలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక, నేల చూస్తూ అడిగాడు.

"అమ్మా, మీ నాన్నగారు ఆ కడ్డీ దగ్గర నా బరువు ఎంత మోసేవారో ఎప్పుడైనా చెప్పారా?"

"మోయడమా?" అంది లిడియా. "నాన్న చేతుల్లో పట్టే లేదు కదా బాబాయ్. మెడలో నరం నొక్కుకుపోయింది. చివరి రెండేళ్లూ చొక్కా గుండీలు కూడా అమ్మే పెట్టేది. మీకు తెలుసనుకున్నాను."

వీరరాఘవయ్య తల అడ్డంగా ఊపాడు.

ఆమె నెమ్మదిగా తక్కినదంతా చెప్పింది. ఆపరేషను చేయించుకోమంటే తండ్రి వాయిదా వేస్తూ వచ్చారు. ఆ మందు మెడకు రాసుకునేవారు. తెనాలి వెళ్లవద్దని తాను పోట్లాడింది; కడ్డీ బాబాయ్ గొంతు మీద పడితే ఈ చేతులతో ఏం చేస్తావని అడిగింది. వేళ్లున్నాయన్న ధైర్యంతోనే రాఘవయ్య నెడుతున్నాడనీ, అవి ఉత్తవని తెలిసిన రోజున యాభై కూడా నెట్టడనీ తండ్రి అన్నారట. ఆ గంట కోసమే తాను మంచం దిగుతున్నానని కూడా అన్నారట.

"వంద దాకా వాడి సత్తా నాకు తెలుసు, ఆ పైన తెలీదు, తెలీనిది వాడి మీద పెట్టనివ్వను అనేవాడు. మీ దగ్గర్నించి వచ్చిన రోజు చొక్కా పిండితే నీళ్లు కారేవి బాబాయ్. ఎత్తింది మీరు, చెమట ఆయనకి." ఆమె పట్టీని ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడు ఒక్కరే చేస్తున్నారా? పక్కల కడ్డీని ఆపే కమ్మీలు లేకుండా చెయ్యకండి. నాన్న మీద ఒట్టు."

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్న వీరరాఘవయ్యకు సంతోషించాలో దుఃఖించాలో తెలియలేదు. వందా తనదే. అందులో ఇక సందేహం లేదు. కాని ఆ వంద కిలోలూ అన్ని ఉదయాలు తన గొంతు మీద ఊగుతున్నప్పుడు ఆపగల చెయ్యి ఈ లోకంలో లేదు. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరిలో ఒక్కరికే తెలుసు. నిలబడిన మనిషికి తెలుసు. ఏనాడో కలగవలసిన భయం నిడుబ్రోలు దాటుతుండగా ఆయనను పట్టుకొంది. అరచేతులు తడిశాయి. మాస్టారితో తాను అన్న కడపటి మాట గుర్తుకు వచ్చి, ఎదుటి సీటులో ఉన్నవారు చూడకుండా మొహం బయటికి తిప్పుకొన్నాడు.

మరునాడే ముత్తయ్యను పిలిపించి, బల్లకు ఇరుపక్కలా, రొమ్ము కన్న వేలెడు దిగువన, రెండు దిట్టమైన కమ్మీలు వేయించాడు. చెయ్యి జారినా కడ్డీ వాటి మీదనే ఆగుతుంది. బల్లను పూర్వపు చోటికి జరిపి, తలాపున మనిషి నిలవడానికి చోటు వదిలాడు.

వంద పెట్టుకొని పడుకున్నాడు. పట్టీ ఇప్పుడు బాపట్లలో ఉంది. అయినా సగం దారిలో ఆ వేళ్లు వచ్చాయి. ఈసారి ఆయన వాటిని సరిగా గమనించాడు. వాటిలో బలం లేదు. తడిసిన గుడ్డ ఆనినట్లు ఆని ఉన్నాయి, సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకును ఉత్సాహమని భ్రమపడ్డాడు ఇన్నేళ్లూ. కడ్డీ తన బలంతోనే పైకి వెళ్లింది.

కాసేపు కూర్చుని ఊపిరి తీసుకొన్నాడు. కమ్మీలున్నాయి. తనది తనదేనని తెలిసింది. ఇక అడ్డేమిటి అనుకొని, రెండు వైపులా అయిదేసి కిలోల ప్లేట్లు తగిలించి నూట పది చేశాడు. పడుకొని, పాదాలు అదిమి, కడ్డీ పట్టుకొన్నాడు.

కడ్డీ ఇంకా కొక్కేలలోనే ఉంది. అప్పుడే వేళ్లు వచ్చి ఆనాయి. ఎన్నడూ సగం దారి దాకా రానివి, ముందే వచ్చాయి. గదినిండా మందు వాసన కమ్ముకొంది. కళ్లెత్తి పైకి చూస్తే కప్పు రేకులే కనబడ్డాయి. అక్కడ ఉండే ముఖం కడ్డీ లేచే వేళల్లో ఎలా ఉండేదో జ్ఞాపకం తెచ్చుకోబోయాడు. రాలేదు. ఏ ఒక్కనాడూ ఆయన ఆ ముఖాన్ని చూడలేదు. చూపు ఎప్పుడూ ఇనుము మీదనే.

"వద్దులెండి మాస్టారూ" అన్నాడు పైకే. లేచి, ప్లేట్లు ఒక్కొక్కటిగా తీయసాగాడు.

కుసుమకుమారి గుమ్మంలో ఉంది. "ఎవరితోనండీ?" అంది.

"మాస్టారితో."

ఆమె గది నాలుగు మూలలా చూసింది. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

"ఏమంటున్నారు?"

"ఆయనకి భయమేస్తోందంట" అన్నాడు వీరరాఘవయ్య.