నిన్నటి తూకం

బీదర్ పక్కన నౌబాద్‌లో మా పక్క షట్టర్ కావేరిది. నేను కాలిపోయిన మోటార్లకు వైరు చుడతాను, ఆమె మాట వినని కాంటాలను దారికి తెస్తుంది. ఇద్దరిదీ రిపేరు పనే అయినా పద్ధతులు వేరు. నాకు కోపం జాస్తి. మోటారు విప్పగానే దాన్ని తయారుచేసినవాణ్ణీ, కాల్చినవాణ్ణీ, మోసుకొచ్చినవాణ్ణీ వరసపెట్టి తిట్టి గానీ పని మొదలుపెట్టను. కావేరి ఎవర్నీ తిట్టదు. “చిప్పుల తప్పు పుట్టుకతోని వచ్చింది ప్రకాశన్నా. తిడితే వింటదా? దాని గుణం తెల్సుకొని మనమే సర్దుకోవాలె” అంటుంది. ఈ వయసులో ఇంత ఓర్పు ఎక్కడిదని నాకు ఆశ్చర్యంగా ఉండేది, వాళ్లమ్మను చూసేదాకా.

వాళ్లది ఔరాద్ అవతల సరిహద్దు పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో మరాఠీ. వాళ్లమ్మ చంద్రవ్వకు ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి అంతంతమాత్రం. పిలిస్తే మొదటి మాట ఆమెకు అందదు. ఎవరో ఏదో అన్నారని తల తిప్పుతుంది, అంతే. అందుకే కావేరి చిన్నప్పటి నుంచీ తల్లికి కుడి పక్కనే నడుస్తుంది. ఏం చెప్పాలన్నా ముందు “అవ్వా” అని ఒక పిలుపు పారేస్తుంది. అసలు మాట ఆ తర్వాతే.

బీదర్‌లో డిప్లొమా చదివి, కాంటాలు అమ్మే దుకాణంలో కొన్నేళ్లు చేసి, ఆపైన సొంతంగా షట్టర్ తీసుకుంది. కాంటా చెప్పే బరువు ఒక వైరులోంచి, సీరియల్ పోర్టు అనే పాతకాలపు సాకెట్‌లోంచి కంప్యూటర్‌కు చేరుతుంది. అక్కడ దాన్ని అందుకునే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారట. కావేరి రాసేవి అవే. కంపెనీవాళ్ల డ్రైవర్ చేతులెత్తేసిన చోట ఈమెది పనిచేస్తుందని ఉమ్నాబాద్ నుంచి కూడా వస్తారు.

ఇది నిరుడు కందుల సీజన్‌లో జరిగింది.

మా వీధి చివర పప్పు మిల్లు. దాని గేటు లోపల ట్రాక్టర్లను తూచే పెద్ద కాంటా, ఆ కాంటాకు మనిషి పీరప్ప. కావేరి వాళ్ల ఊరివాడే, ఆమె మామా అని పిలుస్తుంది. ఇనప శేర్లతో కొలిచే రోజుల నుంచీ అదే పని. తూచింది పీరప్ప అయితే రసీదు చూడకుండా జేబులో పెట్టుకునే రైతులున్నారు. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది లెక్క. కంప్యూటర్ వచ్చాక కొలతలు పోయినా పీరప్ప ఆ మాటను పోనివ్వలేదు. రోజూ మొదటి బండి ఎక్కకముందు తన పాత శేరు నిండా కందులు పోసి కాంటా నడుమ పెట్టేవాడు. గదిలోకి వెళ్లి బటన్ నొక్కి, “లాభం” అని తెరకు దండం పెట్టేవాడు. శేరు తీసేశాకే ట్రాక్టర్‌కు చెయ్యి ఊపేవాడు.

నిరుడు మిల్లు పగ్గాలు యజమాని కొడుకు శ్రీశైల్ చేతికి వచ్చాయి. చెడ్డవాడు కాడు, తొందర మనిషి. ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా పాకి ట్రాఫిక్‌వాళ్లు రోజూ లొల్లి చేస్తుంటే, “పీరప్పా, ఇగ ఈ శేరు పూజ బంద్ చెయ్” అన్నాడు. పీరప్ప శేరును అటక మీద పెట్టేశాడు.

ఆ వారంలోనే ధన్నూర నుంచి సుందరాబాయి వచ్చింది. సొంతంగా సేద్యం చేసే మనిషి, నోరు గల మనిషి. ఆ పొద్దున మొదటి ట్రాక్టర్ ఆమెదే. తూచారు, దించారు, కందులు కుప్పలో కలిసిపోయాయి. అప్పుడు ఆమె రసీదు విప్పి చూసుకుంటే, బయలుదేరే ముందు భాల్కీలో తూయించుకున్న బరువుకు మూడు క్వింటాళ్లు తక్కువ.

“మూడు క్వింటాళ్లు గాలికి పోయినయా? దొంగ కాంటా, దొంగ మనిషి!” అని మిల్లంతా వినబడేలా అరిచింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ మాట సాయంత్రానికి నౌబాద్ దాటిపోయింది. తలా ఒక మాట కలిపారు. తవ్వితే అంతకు ముందు రెండు మూడు పొద్దులు కూడా మొదటి బండి తూకం తేడాగా ఉన్నట్టు బయటపడింది. ఎక్కువ పడ్డవాళ్లు మాత్రం నోరు విప్పలేదు లెండి, ఎందుకు విప్పుతారు!

పీరప్ప ఇంటికి పోయి మళ్లీ రాలేదు. దాంతో గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనేశారు. శ్రీశైల్ కావేరిని పిలిచాడు. ఆమె రోజంతా బరువులు ఎక్కించి దించి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“కాంటాల తప్పు లేదంటే మనిషిల ఉన్నట్టే గద అక్కా? రేపు రైతుల ముంగట పీరప్పను తీసేస్తున్ననని చెప్పాలె. లేకుంటె నా మిల్లుకు ఎవ్వలు రారు” అన్నాడు శ్రీశైల్.

“ఒక్కరోజు ఆగు” అంది కావేరి.

నా బండి మీదే పీరప్ప ఇంటికి వెళ్లాం. ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. కావేరి పక్కన కూర్చుని జరిగిందంతా మొదట్నుంచీ చెప్పమంది.

“చెప్పేదేముంది బిడ్డా. లక్ష్మీదేవమ్మకు కోపమొచ్చింది. శేరు బంద్ చేసిన గద.”

“శేరుకు, తూకానికి ఏం సంబంధం మామా?”

పీరప్ప నా వైపు అనుమానంగా చూసి గొంతు తగ్గించాడు. “చెప్పుకుంటె పోతదని ఎవ్వలికి చెప్పలే. నేను శేరు పెట్టి బటన్ వత్తితె తెర మీద టన్నులు పడేటివి. ఒకరోజు నాలుగు, ఒకరోజు ఐదు. శేరు కందులకు! అమ్మ వచ్చి కాంటా మీద నిలవడకుంటె అంత బరువు ఎట్ల వస్తది?”

నాకు నవ్వు ఆగలేదు, దగ్గినట్టు నటించాను. కావేరి నవ్వలేదు. “అటెన్క బండి ఎక్కితె తూకం సరిగ్గనే వచ్చేదా?” అని అడిగింది.

“రాకేం? అప్పటికి అమ్మ దిగిపోయేది గద.”

కావేరి లేచి నిలబడింది. తిరిగి వస్తుంటే బండి వెనక నుంచి, “అది నిన్నటి తూకం ప్రకాశన్నా” అంది. నాకు అర్థమయ్యేలా చెప్పింది. కాంటా పెట్టెలో ఒక చిప్పు ఉంది, అంకెలను వైరులోకి పంపేది అదే. రాత్రంతా ఊరికే ఉంటే పొద్దున అడిగిన మొదటిసారి అది కొత్త బరువు చెప్పదు, నిన్న చివర మింగినదాన్నే కక్కుతుంది. రెండోసారి నుంచి బుద్ధిగా ఉంటుంది. గేటు మూసే వేళకు వచ్చిన ట్రాక్టర్లను నిండుగానే తూచి లోపల నిలుపుతారు కాబట్టి నిన్నటి చివరి తూకం ఎప్పుడూ టన్నుల్లోనే ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ పాత అంకె పీరప్ప శేరు మీద పడింది. శేరు అటకెక్కాక సుందరాబాయి నెత్తిన పడింది. కావేరి పరీక్ష చేసింది పట్టపగలు, బండ్లు ఎక్కి దిగుతున్నప్పుడు. ఆ సమయంలో చిప్పు మెలకువగానే ఉంటుంది మరి!

మర్నాడు పొద్దున ఎవర్నీ కాంటా ముట్టనివ్వలేదు. సుందరాబాయిని పిలిపించింది. రైతులంతా చుట్టూ చేరారు. పీరప్ప గేటు దగ్గరే ఆగిపోయాడు. దుమ్ము పడకుండా బీరువాలో దాచిన కాంటా పెట్టెను కావేరి తెరిచింది. దాని మీది ఎర్ర అంకెలను ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు, అందరి చూపూ కంప్యూటర్ మీదే. తర్వాత నన్ను వెళ్లి కాంటా మీద నిలబడమని, బటన్ నొక్కింది.

ఎర్ర అంకె డెబ్బై కిలోలు. కంప్యూటర్ తెర మీద నాలుగు టన్నుల చిల్లర.

“ఏం తింటున్నవ్ ప్రకాశా?” అని ఎవరో అరిచారు. మిల్లంతా నవ్వు. నేను వాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. సుందరాబాయి మాత్రం నవ్వలేదు. నిన్న సాయంత్రం చివరి ట్రాక్టర్ రసీదు అడిగి తీసుకుంది. తెర మీది అంకెతో ఒక్కో అంకె సరిచూసుకుంది. కావేరి మళ్లీ నొక్కితే డెబ్బై వచ్చింది.

“చిప్పు మార్చేద్దాం” అన్నాడు శ్రీశైల్.

“చేసిన కంపెనీయే మూతపడ్డది. సీజన్ల కాంటా బంద్ పెడ్తవా? చిప్పు గుణం చిప్పుకే ఉండనీ” అని కావేరి కూర్చుని డ్రైవర్‌ను మార్చింది. ఇక మీదట ప్రతి తూకానికీ ముందు ఒకసారి అడిగి, వచ్చిన జవాబును పారేస్తుంది. మళ్లీ అడిగి, వరసగా రెండు జవాబులు ఒక్కటైతేనే రసీదు కొడుతుంది. ఇంతేనా అన్నాను. “మా అవ్వతోని మాట్లాడినట్టే” అంది.

సుందరాబాయి మూడు క్వింటాళ్లను శ్రీశైల్ ఆమె లెక్కలో కలిపాడు. ఆమె పీరప్ప దాకా వెళ్లి, ఏదో అనబోయి, అనలేక ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయింది.

అందరూ చెదిరాక పీరప్ప కావేరి దగ్గరికి వచ్చాడు. దొంగ అన్న పేరు పోయింది కదా, ముఖం వెలగాలి. వెలగలేదు.

“అయితే ఇన్నేండ్లు అమ్మ రాలేదా బిడ్డా?”

నేనైతే ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండేవాణ్ణి. కావేరి అలా చెప్పలేదు. “అది నాకు తెల్వదు మామా. నువ్వు శేరు పెట్టినన్ని దినాలు ఒక్క రైతు తూకం తప్పలే. అది మాత్రం తెల్సు” అంది. పీరప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాకూ కళ్లు తడి అయ్యాయి, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పీరప్ప మళ్లీ పనిలో చేరాడు కానీ శేరు జోలికి పోలేదు. కొన్నాళ్లకు సుందరాబాయి మిగిలిన కందులు వేసుకుని అందరికంటే ముందు వచ్చి గేటు దగ్గర నిలిచింది. ఆ పొద్దున కావేరి డ్రైవర్ ఎలా ఉందో చూడడానికి వస్తే నేనూ వెంట ఉన్నాను. పీరప్ప చెయ్యి ఊపాడు. ట్రాక్టర్ కదలలేదు.

“శేరేది అన్నా?” అని అడిగింది సుందరాబాయి.

“ఇప్పుడు అక్కర లేదమ్మా. కావేరి సరిజేసింది.”

“ఆమె పని ఆమె చేసింది. నీ పని నువ్వు చెయ్యి. అందాక నేను ఆగుత.”

వెనక ట్రాక్టర్లు హారన్లు మోగిస్తున్నాయి. పీరప్ప శ్రీశైల్ వైపు చూశాడు. శ్రీశైల్ రోడ్డు మీది వరుసను చూసి, నెత్తి గోక్కుని, సరే అన్నట్టు తల ఆడించాడు.

పీరప్ప అటక మీంచి శేరు దించాడు. సుందరాబాయే తన బస్తా విప్పి దాన్ని నింపింది. అతను దాన్ని కాంటా నడుమ పెట్టి గదిలోకి వచ్చాడు. తెర మీద ఏం పడుతుందో నాకూ కావేరికీ తెలుసు. అంత పెద్ద కాంటాకు శేరు గింజలు ఒక లెక్క కాదు. చూడలేక నేను తల తిప్పుకోబోయాను.

బటన్ నొక్కాడు. సున్నా పడింది.

పీరప్ప ఆ సున్నాను కాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, బయట సుందరాబాయికి వినబడేలా “లాభం” అన్నాడు. ఆమె ట్రాక్టర్ డ్రైవర్‌తో “ఇగ ఎక్కియ్” అంది.