రోడ్డు మీద కూర్చున్న అమెరికా ఆవిడ

శామీర్‌పేట బస్సులో నా పక్కన ఒక అమెరికా పెద్దావిడ కూర్చుంది. కౌకూర్ చర్చికి వచ్చిందట. మాటల్లో వియత్నాం యుద్ధం వచ్చింది. తమ్ముడు అందులో చనిపోయాక, యుద్ధం ఆపమంటూ ఆమె రోడ్డు మీద కూర్చుంది. పోలీసులు జుట్టు పట్టి ఈడ్చారు. తండ్రి ఇంట్లోకి రానివ్వలేదు.

ముందు సీటులో కూర్చున్న ఒక అవ్వ ఆమె ఏమంటోందని అడిగితే ఇదంతా తెలుగులో చెప్పాను.

"గంత జేస్తే ఏమొచ్చిందట బిడ్డా?"

అదే అమెరికా ఆవిడను అడిగాను.

"పిల్లల్ని బలవంతంగా సైన్యంలో చేర్చడం ఆగింది. పద్దెనిమిదేళ్లకే ఓటొచ్చింది. సర్కారు చెప్పిందల్లా నమ్మడం మానేశాం."

అవ్వ వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "మస్తు జేసినవ్ అక్కా!"

ఆ వారమే గుండ్లపోచంపల్లిలో మా కాలనీ మీటింగు జరిగింది. పక్కనున్న ఫ్యాక్టరీ కంపు గురించి లేచి మాట్లాడితే నన్ను కూర్చోమన్నారు. చెప్పాల్సిందంతా చెప్పాకే కూర్చున్నాను.