ఆమె రాలేదని చెప్పాను

ఎనభైల మొదట్లో నేను యానాం నుంచి వచ్చి పుదుచ్చేరి కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టాను. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ కేసులు తీసుకుంటానంటే తోటి వకీళ్ళు నవ్వేవాళ్ళు. డబ్బున్న కక్షిదారు దొరకనివాళ్ళే ఊరికే వాదిస్తారని ఒక పెద్దాయన నా ఎదుటే అన్నాడు. అలాంటిది, మా న్యాయవాదుల సంఘం ఉచితంగా కేసులు చేసేవాళ్ళను సన్మానించాలని మొదటిసారి అనుకుంది. అందులో నా పేరు ఉందని తెలిసినప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నా పేరు సూచించింది మా సీనియరు. బజారులో తాతలనాటి బట్టల కొట్టు ఉన్న తెలుగు కుటుంబం ఆయనది. ఆయన సంఘానికి చెప్పింది ఒర్లియంపేటలో ఉండే ఒక వంటామె కేసు గురించి. పని చేస్తున్న ఇంట్లో గొలుసు పోతే ఆమె మీద ఫిర్యాదు చేశారు. ఆమె కొన్నాళ్ళు జైల్లో ఉంది. నేను వాదించాక, నేరం రుజువు కాలేదని కోర్టు వదిలేసింది.

"ఆయమ్మను పిల్చుకొని రామ్మా. స్టేజీ మీద రెండు మాటలు చెప్తే చాలు. జడ్జీలొస్తారు, పేపరోళ్ళొస్తారు. యెవరికి సాయం చేసినామో జనానికి తెల్వొద్దా?" అన్నాడు సీనియరు.

"అడిగి చూస్తాను సార్" అన్నాను.

నేను వెళ్ళేసరికి ఆమె గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. విషయం చెప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"వద్దు వక్కీలమ్మా. ఇప్పుడు లాస్‌పేట హాస్టల్లో వంట చేస్తా ఉండా. జైలుకు పొయ్యొచ్చినదాన్నని ఆడ యెవరికీ తెల్దు. తెలిస్తే వంటింట్లోకి రానిస్తారా?"

"కోర్టు నిన్ను వదిలేసింది కదమ్మా."

"కోర్టు వదిలింది. జనం యాడ వదుల్తారు?"

తిరిగి వెళ్ళి ఆమె రానందని సీనియరుకు చెప్పాను. ఆయన "అట్లనా" అని కాగితాల్లోకి తల దించుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

సభ సాయంత్రం జరిగింది. నన్ను వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. అధ్యక్షుడు ముందు వరుసలోని అతిథులకు స్వాగతం చెబుతూ, లాస్‌పేట హాస్టలు నడిపే ట్రస్టు పెద్దను కూడా పలకరించాడు. ఆమె వంట చేసేది ఆ హాస్టల్లోనే. ఎలాగూ ఆమె రావడం లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

పక్క తలుపు దగ్గర మా సీనియరు గుమాస్తా కనిపించాడు. వాడి వెనకాల, కొంగు భుజాల చుట్టూ బిగించుకుని, ఆమె. కాగితం మీద వేలిముద్ర కావాలని వక్కీలమ్మ రమ్మందని చెప్పి తీసుకొచ్చాడట. అది నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఇంత పని చేస్తావా అన్నట్టు ఆమె నావైపే చూస్తోంది. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆమెకు అర్థమయిందో లేదో తెలియలేదు.

అధ్యక్షుడు మైకులో చెప్పుకుపోతున్నాడు. దొంగతనం నింద పడ్డ పేదరాలు, దిక్కులేక జైల్లో పడి ఉంటే ఈ యువ న్యాయవాది... "ఆమె ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది" అన్నాడు. జనం తలలు తిప్పి వెతకసాగారు. ట్రస్టు పెద్ద కూడా కళ్ళజోడు సర్దుకుని వెనక్కి తిరిగాడు.

నేను లేచి మైకు దగ్గరికి నడిచాను.

"క్షమించండి. ఆమె రాలేదు. ఆమె ఎవరో చెప్పడానికి నాకు అనుమతి లేదు. దయచేసి ఈ కేసు సంగతి ఇక్కడితో ఆపండి" అన్నాను.

మా సీనియరు నన్నూ తలుపునూ మార్చి మార్చి చూశాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు, ఆమె బయటపడిపోతుంది. తలుపు దగ్గర ఆమె, దారి తప్పి వచ్చినదానిలా మెల్లగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. సీనియరు నోరు విప్పలేదు. అధ్యక్షుడు గబగబా నా మీద శాలువా కప్పి, ఇంకొకరి పేరు పిలిచాడు.

బయట వరండాలో సీనియరు నన్ను ఆపాడు. "అంతమంది ముందర నా మానం తీసేస్తివి. నీ మంచికే గదమ్మా చేసింది?"

"ఆవిడ వద్దంది కదండీ సార్."

"నేను యేందో చెడ్డపని చేసినట్టు మాట్లాడొద్దు" అని కారెక్కాడు. ఆ తరవాత చాలాకాలం నాకు కేసులు పంపలేదు. నేను మూలకుళంలో ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా మొదలుపెట్టాను. మరుసటి ఏడు సన్మానానికి పేర్లు అడిగినప్పుడు, కక్షిదారులను స్టేజీ మీదికి పిలవకూడదని నేను గట్టిగా వాదించాను. కొందరు విసుక్కున్నారు కానీ ఒప్పుకున్నారు.

ఆమె ఆ హాస్టల్లోనే ఉండిపోయింది. ఒకసారి కూరగాయల మార్కెట్టులో ఎదురుపడింది. పక్కన హాస్టలు వార్డెనమ్మ బేరమాడుతోంది. ఆమె నన్ను చూసింది. ఎవరో కొత్తమనిషికి దారి ఇస్తున్నట్టు సంచీ పక్కకు తీసుకుంది. నేనూ పలకరించకుండా దాటి వెళ్ళాను.