రాజు త్రెడ్డులో తప్పు లేదు

పదకొండేళ్లుగా నాలుగు బోల్టుల బరువు నా గుండెల మీద ఉంది. జాలిపడమని చెప్పడం లేదు. క్షమించమని అసలే అడగను. చదవండి, చాలు.

రేవు పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎత్తే క్రేనుకి స్తంభం నిలబెట్టాలి. నేను సైటు సూపర్‌వైజర్ని. కాంక్రీటులో పాతే బోల్టులకి నున్నటి మైల్డ్ స్టీలు కడ్డీ కావాలి. అది రావడానికి నాలుగు రోజులన్నారు. కాంక్రీటు మర్నాడే. సైటులో టీఎంటీ కమ్మీలు గుట్టగా పడున్నాయి. బోల్టు మరలు, అదే త్రెడ్డు, కొట్టించడానికి ఒకటి పట్టుకుని రాజు లేత్ షాపుకి వెళ్లాను. రాజు నా భార్య తమ్ముడు. లేత్ మీద వాడి పనికి వంక పెట్టినవాడు లేడు.

వాడు కమ్మీని తిప్పి చూశాడు.

"బావా, ఇది స్లాబులో ఏత్తే బంగారం. బోల్టుకి పనికిరాదు. దీని బలమంతా పైతోలే. నాను త్రెడ్డు కొడితే ఆ తోలే పోద్ది."

"ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో పుట్టినోణ్ణి, నాకు సెప్తన్నావేటి? కొట్టు."

కొట్టాడు.

ఏడాది తిరక్కుండానే బోల్టులు త్రెడ్డు దగ్గరే పుటుక్కుమన్నాయి. స్తంభం ఒరిగిపోయింది. కింద ఎవరూ లేరు, అది నా గొప్ప కాదు. ఓనరు మా ఇద్దర్నీ నిలబెట్టి అడిగాడు. త్రెడ్డు సరిగ్గా పడలేదన్నాను. రాజు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. అక్క మొగుణ్ణి పదిమందిలో అబద్ధాలకోరు అని ఎలా అంటాడు? అనడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ తర్వాత వాడి షాపుకి పని రాలేదు. లేత్ అమ్మేసి పరవాడలో ఏదో కంపెనీలో హెల్పరుగా చేరాడు.

తొందరలో జరిగిందా? ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను గానీ, తొందరలో చేసిన తప్పయితే మర్నాడు ఒప్పుకునేవాణ్ణి, కనీసం వాడు షాపుకి తాళం వేసిన రోజైనా నోరు విప్పేవాణ్ణి. అది పొగరు. తర్వాత పిరికితనం.

రాజు సీతమ్మధారలో మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా నా భార్య అన్నం వడ్డిస్తూ అంటుంది, "నీ సేతిపనికి మీ బావ పరువు పోయింది రా." వాడు ముద్ద కలుపుకుంటాడు. నేను ఇంకాస్త పులుసు పొయ్యమంటాను. సిగ్గులేని జన్మ.

ఈ ఆదివారం వాడు మళ్లీ వస్తాడు. ఆవిడ ఆ మాట ఎత్తకముందే ఈ కాగితం ఆవిడ చేతిలో పెడతాను. తిడితే తిట్టనీ. వాడు మా గడప తొక్కకపోతే మాననీ. కమ్మీ ఎంచింది నేను. వద్దన్నది రాజు. పదకొండేళ్లకి రెండు ముక్కలు రాయగలిగాను. ఈసారి పులుసు అడగను.