బోరు లోపల చూపబడును: మదనపల్లె నుంచి గుడుపల్లె దాకా

మదనపల్లెకు నేను వెళ్లింది చుట్టపుచూపుకే. రెండువేల దశకం మొదట్లో, వానలు వరసగా ముఖం చాటేసిన ఏళ్లలో ఒక వేసవి అది. మా చెల్లెలి ఇంట్లో కొళాయికి వారానికోసారి నీళ్లొచ్చేవి. అలాంటి ఇంట్లో స్నానానికి రెండో బకెట్ అడగడానికి నోరు రాక, కనీసం ఏదో ఒక పనికొస్తానని నిరూపించుకుందామని, వాళ్ల చెడిపోయిన టీవీని రిపేరు షాపుకు మోసుకెళ్లాను. షాపు బోర్డు మీద 'టీవీలు బాగు చేయబడును' అని ఉంది. దాని కింద అంతకంటే పెద్ద అక్షరాలతో 'బోరు లోపల చూపబడును' అని ఉంది. అలాంటి బోర్డు చూసి నోరు మూసుకుని వచ్చేసే రకం కాదు నేను.

షాపు ఖాదర్ బాషాది. నేను అడగడమే ఆలస్యం, బల్ల కింద నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం బయటికి తీశాడు. దుకాణాల్లో దొంగల కోసం పెట్టే చిన్న కెమెరా, చుట్టూ బల్బులు, నీళ్లు దూరకుండా బిగించిన అద్దం, వెనక పొడవాటి కేబులు. ఎండిపోయిన బోరులోకి దించితే లోపలున్నదంతా టీవీలో కనబడుతుందట. "మనిషి కడుపులోకి కెమెరా పెట్టి సూస్తాండారు గదా సార్, భూమి కడుపులోకి యాల పెట్టగూడదు?" అన్నాడు ఛాతీ విరుచుకుని. ఇప్పటిదాకా ఎవరికైనా నీళ్లు చూపించావా అని అడిగితే మాత్రం టీవీ మూత బిగించడంలో మునిగిపోయాడు. మర్నాడు గుడుపల్లె దగ్గర ఒక పల్లెకు వెళ్తున్నానని చెప్పాడు. డీజిలుకు వంద రూపాయలిస్తానని చెప్పి అతని పాత వ్యానులో చోటు సంపాదించాను.

పొద్దున ఆరింటికి బయలుదేరి పుంగనూరులో టిఫినుకు ఆగాం. వీధి పొడుగునా ప్లాస్టిక్ బిందెలు వరస కట్టి ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక బిందెల్ని కాపలా పెట్టి పనులకు పోయారట. హోటల్లో ఐదు రూపాయల ఇడ్లీ విస్తరాకులో వచ్చింది. ప్లేట్లు లేవా అని అడిగాను. "ఉండాయి సార్, అటక మీద ఉండాయి. కడిగేదానికి నీళ్లు యాడివి? మీరు తిన్నాక చెయ్యి కూడా కొంచెం సూసి కడుక్కోండప్పా," అన్నాడు వంటాయన. చెంచా అడిగి తీసుకుని, చేతికి అంటకుండా తిని, ఏదో ఘనకార్యం చేసినట్టు లేచాను.

అక్కడి నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. బస్సులో వెళ్లేవాళ్లు పలమనేరులో మారాలి, ఒక పూట చేతిలో పెట్టుకోండి. దారికి ఇరువైపులా మామిడి తోటలు, ఎండిన చేలు, అక్కడక్కడా రంధ్రం మీద రాయి పెట్టి మూసేసిన బోర్లు. ఆ రాళ్లను చూపించి ఖాదర్ "అన్నీ నా గిరాకీలే సార్" అంటుంటే నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలి కూడా వేసింది.

పదకొండింటికి గుడుపల్లె దగ్గరి ఆ పల్లె చేరాం. కెమెరాను పిలిపించిన మునెమ్మ మమ్మల్ని నేరుగా చేలోకి తీసుకెళ్లింది. ఆమె భర్త రోజూ రైల్లో బెంగుళూరుకు కూలికి పోతాడు. ఇంట్లో ఆమె, అత్త చెంగమ్మ, రెండు పాడి ఆవులు. రెండేళ్ల కిందట బోరు మోటరు కాలిపోతే పైకి లాగి బాగు చేయించారు. మళ్లీ దించబోతే సగంలోనే ఆగిపోయింది. లోపల బోరు కూలిపోయిందని ఊరంతా తేల్చేసింది. "సాయంత్రం ఆవుల యాపారి వస్తాండాడు సార్. ఆవుల్నమ్మి కొత్త బోరు ఏస్తాం. దాంట్లోనూ దుమ్మే లేస్తే మాకింక పాలూ లేవు, నీళ్లూ లేవు," అంది మునెమ్మ. వ్యాపారికి అప్పగించడానికి ఆవుల మెడకు కొత్త పలుపులు అప్పటికే కట్టి ఉన్నాయి. చెంగమ్మ వాటి పక్కన కూర్చుని మా వైపు చూడను కూడా చూడలేదు.

ఖాదర్ తన బ్లాక్ అండ్ వైట్ టీవీని మంచం మీద పెట్టి, వ్యాను బ్యాటరీకి తగిలించి, ఎండకు బొమ్మ కనబడదని మీద కంబళి కప్పాడు. కంబళి కింద తలలు పెట్టడానికి నలుగురికే చోటు. మిగతా ఊరికి ఖాదరే గొంతెత్తి చెప్పాడు. "ఇనుప పైపు అయిపోయినాది. రాయి వచ్చినాది. రాయి గట్టిగానే ఉండాది, యాడా కూలలేదు!" అంతలో కేబులు ఆగిపోయింది. "ఏందో అడ్డం ఉండాది... గుడ్డ మూట మాదిరి ఉండాది."

తెల్ల గుడ్డని ఒకరు, నల్లదని ఇంకొకరు వాదులాటకు దిగారు.

"ఎర్రదిరా, ఎర్ర రవికె గుడ్డ," అని ఆవుల పక్కనుంచి వినిపించింది. చెంగమ్మ. ఆమె టీవీ దగ్గరికి రానేలేదు. కంబళి కింద నుంచి నలుగురం ఒక్కసారే తలలు బయటపెట్టాం.

"మోటరు కాలినాడు గంగమ్మకు కోపమొచ్చిందనుకుంటి. మోటరు పైకి తీసినాక టెంకాయా పసుపూ మూటగట్టి బోర్లో ఏసినా," అందామె తాపీగా.

"రెండేండ్లుగా ఒక్క మాట చెప్పకపోతివే అత్తా!" అని మునెమ్మ నెత్తి కొట్టుకుంది.

"నన్నెవురు అడిగినారు?"

కెమెరా పైకొచ్చింది. గడ్డపారకు తాడు కట్టి దించారు. ఎత్తి వదులుతుంటే లోపలి నుంచి దబ్ దబ్ అని మొద్దు చప్పుడు. అడ్డం తొలగినా కింద నీళ్లు లేకపోతే ఆవులు పోవడం ఖాయం. మునెమ్మ ఆవుల వైపు, బోరు వైపు మార్చి మార్చి చూస్తోంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఎక్కడో లోతుల్లోంచి బుడుంగ్ మంది.

నేను అరిచాను. పరాయి ఊరని కూడా చూసుకోకుండా గంతులేశాను. కెమెరా మళ్లీ దించితే బల్బుల వెలుగులో నల్లటి నీళ్లు, వాటి మీద తేలుతూ చెంగమ్మ టెంకాయ మూట! ఖాదర్ టీవీని ముద్దు పెట్టుకున్నాడు. మూటను గాలానికి తగిలించి లాగేసి, బాగు చేసి పెట్టుకున్న మోటరును ఊరి మగవాళ్లంతా కలిసి దించారు. నాలుగింటికి కరెంటొచ్చింది. పైపు ముందు దగ్గింది, తర్వాత ఎర్రటి బురద కక్కింది, ఆ తర్వాత తేట నీళ్లు చిమ్మింది. మునెమ్మ ఏడుస్తూ, నవ్వుతూ ఆవుల మెడల్లోని కొత్త పలుపులు విప్పేసింది. సాయంత్రం వచ్చిన వ్యాపారితో చెంగమ్మే మాట్లాడింది: "బేరం లేదు పోప్పా. నీళ్లు తాగి పో." అతను కడుపారా తాగి, రామకుప్పంలో తన బోరు కూడా చూడమని ఖాదర్‌కు అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు.

టిక్కెట్లు కొని నేను చూసిన జలపాతాలు చాలా ఉన్నాయి. వేటి ముందూ ఇలా అరవలేదు. అప్పటి ఛార్జీలు ఇప్పుడు మీకు పనికిరావు గానీ దారి అదే. కరువు చూడటానికని బయలుదేరిన నేను ఆ రోజు గెలుపు చూసి వచ్చాను. అందులో సగం ఖాదర్ కెమెరాది, మిగతా సగంలో ఊళ్లో వాళ్లకు తలా కాస్త. ఆ వైపు వెళ్తే కెమెరా వాళ్లు ఇప్పుడు చాలామంది దొరుకుతారు, మీకు బోరుంటే తప్పకుండా చూపించుకోండి. ఒక్క సలహా: గొట్టం బోరులోకి దించే ముందు ఇంట్లో ముసలావిడను ఒక మాట అడగండి.