గంగాళంలో చోడి బీరు

మా ముత్తాత లోకనాథం గారు సంస్థానంలో దివాను. ఆయన పల్లకీ నరసన్నపేట బజారులోకి వస్తే కొట్లలో తక్కెళ్ళు ఊగడం మానేసేవట. మా తాత దామోదరం గారు దివాను కాదు గాని దివాను గారి అబ్బాయి. ఆ హోదా మీదే డెబ్బై రెండేళ్ళు ఏ పనీ చేయకుండా ఎంతో గౌరవంగా బతికారు. మా నాన్నగారి కాలానికి బోయీలు లేరు, పల్లకీ ఉంది. వెనక వసారాలో పెడితే కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. ఇక నేను. నా పేరూ లోకనాథమే. ఇన్ని తరాలు నిలబెట్టిన పరువును ఒక్క మధ్యాహ్నంలో, రెండు గ్లాసుల బీరుతో, అదే పల్లకీ పక్కన ఎలా పారబోశానో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఎవరో నవ్వారని తల దించుకునే వంశం కాదు మాది.

నేను నాలుగేళ్ళు బెంగళూరులో ఉన్నాను. ఉద్యోగమా అంటే ఉద్యోగమే, కానీ మా ఇంట్లో ఆ మాట వాడరు. ‘వ్యవహారాల మీద ఉన్నాడు’ అంటారు. ఆ వ్యవహారాల మధ్య ఒక సాయంత్రం, అక్కడికక్కడే కాచి పోసే బీరు మొదటిసారి తాగాను. గోధుమతో చేసిందట. అరటిపండు వాసన, వెనకాల లవంగం ఘాటు. సంస్థానం ఉన్న రోజుల్లో మా ముత్తాత ఏమి తాగేవారో నాకు తెలియదు గాని, ఇది ఆయన తాగవలసిన వస్తువు అనిపించింది.

అప్పటి నుంచి బీరు మీద నాకు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కటీ వెనక్కి తీసుకోను. మన వైపు వైన్ షాపు ముందు కాసేపు నిలబడండి. జనం అడిగే ప్రశ్నలు రెండే: స్ట్రాంగేనా, కూలింగేనా. ఏ గింజతో చేశారు, ఎన్నాళ్ళు పులిసింది, వాసన ఎలా ఉంది, ఎవరికీ అక్కర్లేదు. పళ్ళతో మూత పీకి, సీసాను పేపర్లో చుట్టి, ఆగి ఉన్న లారీ చాటుకు వెళ్ళి, ఆముదం మింగినట్టు కళ్ళు మూసుకుని దించేస్తారు. అంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారుతుంది. మొద్దుబారిన నాలుకకు బీరైనా ఒకటే, బావి నీళ్ళైనా ఒకటే. నురగ రావాలని ఉప్పు వేసేవాళ్ళను కూడా చూశాను. నురగ బీరుకు తలపాగా. తలపాగా తనంతట తాను నిలవాలి గాని, ఉప్పు వేసి లేపితే అది ఏమి మర్యాద?

ఈ మాటలన్నీ నేను మొదట చెప్పింది మా బావమరిది సింహాచలానికి. సాలూరులో అతనికి ఆరు లారీలున్నాయి, అభిప్రాయాలు లేవు.

"బావా, నువ్వు బీరు తాగతన్నావా, దానికి జాతకం రాస్తన్నావా?" అన్నాడు.

"నాలుకతో తాగడం నేర్చుకో సింహాచలం."

"నాలిక మీద నించే కదా బావా లోపలికెళ్తాది. మరి దేంతో తాగతన్నాననుకున్నావు?"

అతను వెటకారం ఆడినా మేలే చేశాడు. నరసన్నపేటలో హైవే పక్కన మాకో గోదాము ఉండేది. ఒకప్పుడు సంస్థానం ధాన్యం అందులో దిగేదట. రెండు వేల పదిహేడు నాటికి కప్పు సగం కూలింది, మిగతా సగం ఆలోచనలో ఉంది. బాగు చేయించే శక్తి మాకు లేదు, అమ్మే మనసు నాకు లేదు. ఇత్తడి గుబ్బల తలుపులున్న గుమ్మం మీద రాతిలో ‘దివాన్ లోకనాథం’ అని చెక్కి ఉండేది. అది మా ముత్తాత పేరు, నా పేరు కూడా. ఆ రాయి కింద నుంచి ఇంకొకడు యజమానిగా నడుస్తాడన్న ఊహే నాకు గొంతు దిగేది కాదు.

సింహాచలానికి విశాఖపట్నంలో ప్రకాశరావు గారని ఒక పెద్దమనిషి తెలుసు. ఆయనకు రెండు హోటళ్ళు. ఫోనులో నా అభిప్రాయాలన్నీ ఓపికగా విని ఆయన సూటిగా చెప్పారు. "లైసెన్సు సంగతి నేను చూసుకుంటాను, రుచి మీరు చూసుకోండి. ఒకసారి తాగించండి. నచ్చితే గోదాము అద్దెకు తీసుకుని బాగు చేయిస్తాను, బోర్డు మీద మీ ముత్తాతగారి పేరే పెడతాను. నచ్చకపోతే మాత్రం అమ్మకం మాట మాట్లాడుకుందాం."

నచ్చకపోవడం అన్న మాట నా చెవికి ఎక్కలేదు.

నా ఆలోచన చోడి బీరు. రాగులను మన వైపు చోళ్ళంటాం. గోధుమ వాళ్ళది, చోడి మనది. చోళ్ళు మొలకెత్తించి, ఎండబెట్టి, బరకగా విసిరించాను. బార్లీ, చేదు కోసం వేసే హాప్స్ అనే ఎండు పువ్వులు, ఈస్టు పొట్లాలు కొరియర్లో తెప్పించాను. ఇంట్లో బీరు కాచడానికి అనుమతి ఉందా అని అడిగే పాఠకులకు ఒక మనవి. నాకు పడిన శిక్ష చివరిదాకా చదవండి, పైన ఇంకొకటి వేయాలని మీకే అనిపించదు.

పులియబెట్టడానికి సింహాచలం సాలూరు నుంచి కొత్త నీలం డ్రమ్ము తెచ్చాడు.

"తిండి సరుకులు పోసే రకమే బావా. కడిగించి తెచ్చినాను."

"డ్రమ్ములోంచి తీసి అతిథికి పోసినవాడు మా వంశంలో లేడు."

"మీ వంశంలో బీరు కాసినోడూ లేడు కదా."

నేను అటకెక్కాను. అక్కడ మా ముత్తాత నాటి ఇత్తడి గంగాళం ఉంది. శ్రీరామనవమికి ఊరందరికీ అందులోనే పానకం కలిపేవారు. అంచు చుట్టూ ఆయన పేరు చెక్కి ఉంటుంది. దించడానికి నలుగురు పట్టారు. పైడమ్మను పిలిచాను. పైడమ్మ మా ఇంట్లో నలభై ఏళ్ళుగా అంట్లు తోముతున్న మనిషి. మా నాన్నగారి మాటకైనా ఎదురు చెప్పగలిగింది ఆవిడ ఒక్కతే.

"లోపల ఈ బూడిద రంగు మచ్చలేమిటి పైడమ్మా?" అన్నాను.

"మచ్చలు కావు బాబూ, కళాయి. సగం పోనాది, సగం ఉన్నాది."

"తోమేయ్."

"తోమితే ఉన్నదీ పోతాది."

"పోవాలనే కదా తోమమంటున్నది. లోపల కూడా బంగారంలా తళతళలాడాలి."

ఇత్తడి పాత్ర లోపల తగరంతో వేసే పూతను కళాయి అంటారు. పులుపు ఇత్తడిని తాకకుండా అది కాపు కాస్తుంది. ఈ సంగతి అంట్లు తోమిన ప్రతి మనిషికీ తెలుసు. నాకు తెలియదు. మా వంశంలో మగవాడు అంట్ల గిన్నె ముట్టుకున్న దాఖలా లేదు, అప్పట్లో దాన్ని ఘనతగా చెప్పుకునేవాణ్ణి కూడా.

"ఇందులో పులిసింది పోస్తే కిలుం లేస్తాది బాబూ," అంది పైడమ్మ. "సింతపండు పులుసు కూడా పొయ్యం."

"ఇది పులుసు కాదు, బీరు. జర్మనీలో తరాల తరబడి రాగి పాత్రల్లోనే కాస్తున్నారు."

"ఆ ఊరికి కళాయి ఏసేవోడు వస్తన్నాడేమో. మన ఊరికి రావడం మానేసినాడు."

రెండు రోజులు ఇటుక పొడితో, చింతపండుతో తోమించాను. గంగాళం మెరిసింది. అందులో నా ముఖం చూసుకున్నాను, మా ముత్తాత పోలిక కనిపించింది. జర్మనీ వాళ్ళు రాగిలో కాచేది రెండు గంటలే, పులియబెట్టేది వేరే పాత్రలో అన్న పేరా మాత్రం నేను చదవలేదు. ఇలాంటి పేరాలు ఎప్పుడూ తర్వాతి పేజీలో ఉంటాయి.

కాచి చల్లార్చిన చోడి రసంలో ఈస్టు కలిపి అందులో పోసి, పది రోజులు గంగాళం మీద తెల్ల పంచె కట్టి ఉంచాను. పదకొండో రోజు విప్పాను. ఎర్రగా రావలసిన బీరు లేత ఆకుపచ్చగా తిరిగింది.

"నాచు పట్టినట్టున్నాది బాబూ," అంది పైడమ్మ తొంగిచూసి.

"అది హాప్స్ రంగు."

చెంచాడు రుచి చూశాను. నాలుక చివర రాగి కాసు పెట్టినట్టుంది. తెలియనివాడైతే ఉమ్మేసేవాడు. నేను తెలిసినవాణ్ణి. కళ్ళు మూసుకుని, ఇది లోహపు ముగింపు, అంటే మింగాక నాలుక మీద నిలిచే లోహపు రుచి, చాలా అరుదుగా వస్తుంది అని తీర్మానించాను. పుస్తకంలో రాసుకున్నాను కూడా. విద్య లేకపోతే ఆ రోజు బతికిపోయేవాణ్ణి.

మర్నాడు పదకొండు గంటలకు ప్రకాశరావు గారు సింహాచలంతో కలిసి వచ్చారు. సన్నగా, శుభ్రంగా, తెల్ల చొక్కాలో ఉన్నారు. ముందు హాల్లో కూర్చోబెట్టి, గ్లాసు వంచి పట్టుకుని పోశాను. పోస్తూ నా అభిప్రాయాలు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. గ్లాసును వెలుతురుకు పట్టి చూశారు.

"పచ్చగా ఉందేమండీ?"

"చోడి బీరుకు అదే సహజమైన రంగు." లోకంలో చోడి బీరు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్న ధైర్యంతో అన్నాను.

సింహాచలం గ్లాసు వాసన చూసి బల్ల మీద పెట్టేశాడు. "నాను బండి నడపాల బావా." లారీల మధ్య పుట్టి పెరిగినవాడు అంత చట్టబద్ధంగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అతిథి గ్లాసు కింద పెట్టేదాకా గృహస్థు పెట్టకూడదు. ప్రకాశరావు గారి ఇంట్లో ఆచారం సరిగ్గా దీనికి ఎదురు, గృహస్థు పెట్టేదాకా అతిథి పెట్టకూడదు. ఈ సంగతి ఇద్దరికీ తర్వాత తెలిసింది. ఆయన పెడతారేమోనని నేను చూస్తూ తాగాను, నేను పెడతానేమోనని ఆయన చూస్తూ తాగారు. మొదటి గ్లాసు అయింది. మర్యాద కొద్దీ రెండోది పోశాను. మర్యాద కొద్దీ ఆయన తాగారు.

"చివర్లో ఒక రకమైన..." అని ఆయన ఆగారు.

"లోహపు ముగింపు," అన్నాను.

"ముగింపు లాగే ఉంది," అన్నారు. తర్వాత ఇంకో గొంతుతో అడిగారు. "బాత్రూం ఎటండీ?"

"పెరట్లో. కొంచెం నడవాలి."

మా ఇంటి వైశాల్యం మాకెప్పుడూ గర్వకారణమే. ఆ రోజు ఆయన దాన్ని అడుగడుగునా కొలిచారు. హాలు దాటారు, నడిమింట్లో నడక పెంచారు, కొట్టుగది దగ్గర నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. వెనక వసారాలో పల్లకీ బొంగు పట్టుకుని ఆగిపోయారు. అంతకు మించి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. దారి చూపించడానికి వెంట వెళ్ళిన నాకు సరిగ్గా అప్పుడే ముగింపు మొదలైంది. నేను రెండో వైపు బొంగు పట్టుకున్నాను. మూడు తరాల తర్వాత మా పల్లకీకి మళ్ళీ ఇద్దరు బోయీలు దొరికారు. కోళ్ళు మాత్రం దిగి వెళ్ళిపోయాయి.

సింహాచలం పరుగున వచ్చి డాక్టరును పిలిపించాడు. ఆయన గంగాళం చూసి, మమ్మల్ని చూసి, పాలు తాగి పడుకోమన్నాడు. కిలుం విషమని, కక్కేయడమే మేలయిందని అన్నాడు. మా చావడిలో రెండు నవారు మంచాలు వేశారు. ఒక దాని మీద గోదాము భవిష్యత్తు పడుకుంది, రెండో దాని మీద దాని గతం.

సాయంత్రం నాలుగింటికి పైడమ్మ రెండు స్టీలు గ్లాసులు తెచ్చింది. ప్రకాశరావు గారు భయపడుతూ ఒక గుక్క తాగారు. ఆగారు. రెండో గుక్క భయం లేకుండా తాగారు. గ్లాసు ఖాళీ చేసి చాచారు.

"ఇదేమిటమ్మా?"

"సోడి అంబలి బాబూ. రేతిరి పులియబెట్టినాను, మజ్జిగేసి కలిపినాను."

"ఏ చోడి?"

"అదే సోడి. బాబుగోరు గంగాళంలో పోసినారు, నాను మట్టికుండలో పోసినాను."

ఆయన మూడు గ్లాసులు తాగారు. సింహాచలం నా మంచం మీద కూర్చుని, నా కాలు మీద చేయి వేసి, ఎంతో ప్రేమగా అన్నాడు. "సోడి మంచిదే బావా. నీ మాటలూ మంచివే. సిక్కంతా వంశంతోనే వచ్చినాది."

ప్రకాశరావు గారు మర్యాదస్తులు కాబట్టి నవ్వలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాకు నమస్కారం పెట్టి, "అద్దె మాట వదిలేద్దామండీ," అన్నారు. అంతే అన్నారు. నేను తల ఊపాను. మా ఇంటికి వచ్చిన అతిథి ఖాళీ కడుపుతో వెళ్ళడని మా ముత్తాత మొదలు అందరూ నిలబెట్టుకున్న మాట ఒకటుంది. ఆయన మూడు గ్లాసుల అంబలితో వెళ్ళారు కాబట్టి అది తప్పలేదనే నేను వాదిస్తాను. నిలబెట్టింది పైడమ్మ అంటే మాత్రం ఒప్పుకుంటాను.

ఆ తర్వాత శ్రీకూర్మం దగ్గర కళాయి వేసే ముసలాయన ఒకరున్నారని తెలిసింది. గంగాళాన్ని ఆటోలో ఎక్కించి నేనే తీసుకెళ్ళాను. తగరం కరిగి ఇత్తడి మీద వెండిలా పాకుతుంటే పక్కన కూర్చుని చూశాను. నేను రెండు రోజులు తోమించి పారేసింది అదన్నమాట. ఇప్పుడు మా గంగాళం లోపల బూడిద రంగులో ఉంటుంది, అంచు మీద పేరు మాత్రం మెరుస్తుంది. అంతకంటే అందమైన పాత్ర ఈ జిల్లాలో ఇంకొకరి ఇంట్లో లేదు.

కాబట్టి దివాన్ లోకనాథం గారి మునిమనవడు లోకనాథం అనే నేను, ఆ గంగాళం మీద చేయి వేసి, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పైడమ్మ మురికి కాదన్న దాన్ని నా ఊపిరి ఉన్నంతకాలం మురికి అనను, లోహపు ముగింపు తగిలితే ముందు ఉమ్మేసి, తర్వాతే అభిప్రాయం చెబుతాను. కూలింగు మీద, ఉప్పు నురగ మీద నా అభిప్రాయాలకు ఈ ప్రమాణం వర్తించదు.

ప్రకాశరావు గారు హైవే మీద టిఫిను హోటలు పెట్టారు. అక్కడ పొద్దున్నే మట్టికుండల్లో అంబలి ఉంటుంది, కలిపే పద్ధతి పైడమ్మ వెళ్ళి నేర్పి వచ్చింది. మా ముత్తాత పేరున్న రాయిని ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాం. ఆ హోటలున్నది మా గోదాములోనే, దాన్ని ఆ ఏడు వేసవిలో ఆయనకే అమ్మేశాం, ఇత్తడి గుబ్బల తలుపులతో సహా.