నేను సర్దిన బొమ్మ

నాకు వంకర వస్తువులు గిట్టవు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు గోడ మీది ఫొటో కాస్త పక్కకు ఒరిగి ఉంటే చాలు, వాళ్ళు చాయ్ పెట్టి తెచ్చేలోపే దాన్ని సరిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. నేను శుభ్రత అనుకునేదాన్ని.

అప్పుడు నర్మెట్ట దగ్గర ఒక తండా బడిలో పనిచేసేదాన్ని. జనగామ నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళి వచ్చేదాన్ని. బొమ్మలు గీయడం నాకు బొత్తిగా చేతకాదు. ఒకరోజు కష్టపడి బోర్డు మీద ఆవును గీస్తే, "గిది కుక్కనా టీచర్?" అని అడిగారు పిల్లలు. వాళ్ళూ నాలాంటివాళ్ళే. పెన్సిల్ పట్టుకుంటే చాలు, ఎక్కడ తప్పు పోతుందోనని బిగుసుకుపోయేవాళ్ళు. అందుకే జనగామ ఫ్యాన్సీ దుకాణంలో, పీకి మళ్ళీ మళ్ళీ అతికించుకునే బొమ్మల స్టిక్కర్లు కనబడగానే కొనేశాను. ఇల్లు, చెట్టు, బస్సు, బర్రె, పూలు, మనుషులు. తలా ఒక పెద్ద అట్ట ఇచ్చి గోడకు తగిలించాం. గోరుతో అంచు లేపి మెల్లగా పీకడం, నచ్చకపోతే ఇంకోచోట పెట్టుకోవడం, అంతే పని. ఇందులో తప్పు అనేదే లేదని నేనే చెప్పాను. దుమ్ము పట్టి అంటుకోకపోతే తడివేలితో తుడిచి ఆరబెట్టాలని రెండో రోజుకే వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. ఒకడు బర్రెను బస్సు మీదికి ఎక్కించాడు. నవ్వలేక చచ్చాం.

ఒకటో తరగతిలో ఆరేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష, బడిలో ఎక్కువగా నోరు తెరిచేది కాదు. అమ్మానాన్నలు దాన్ని నాయనమ్మ దగ్గర వదిలి, మిరపకాయలు ఏరే పనికి కాటారం వైపు వెళ్ళారు. ముసలామె దగ్గర ఫోన్ లేదు. తల్లి ఎప్పుడు చేసినా నా ఫోనుకే చేసేది. "మీ అమ్మ ఫోన్ జేసింది, మంచిగున్నదట" అని పొద్దున్నే నేను చెబితే ఆ పిల్ల తల ఊపి వెళ్ళి తన చోట కూర్చునేది. తల్లి సంగతి ఏదైనా సరే, దానికి నా ద్వారా తెలియాల్సిందే.

రెండు రోజుల్లో తల్లిదండ్రుల సమావేశం ఉందనగా, సాయంత్రం పిల్లలు వెళ్ళాక గోడ వైపు ఒకసారి చూశాను. ఆ పిల్ల అట్ట నా కంట్లో నలుసులా పడింది. కుడివైపు ఇల్లు, వాకిట్లో ఒక ముసలామె, ఒక చిన్నపిల్ల. బాగానే ఉంది. ఆడమనిషి, మగమనిషి మాత్రం ఎడమవైపు కింది మూలన, అట్ట అంచు దాటి సగం బయటికి వేలాడుతున్నారు. వాళ్ళ చుట్టూ నేలంతా ఎర్రపూలు చిందరవందరగా అతికించి ఉన్నాయి. నా చేతులు ఊరుకోలేదు. ఇద్దరినీ పీకి ఇంటి గుమ్మం ముందు నిలబెట్టాను. పూలను చెట్టుకు పెట్టాను. ఇప్పుడు చూడముచ్చటగా ఉందనుకుని, తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు ప్రార్థనకు ముందు ఆ పిల్ల అట్ట దగ్గర నిలబడి ఉండటం చూశాను. తీరా హాజరు పిలిచేసరికి సంచి ఉంది, పిల్ల లేదు.

"తండా దిక్కు ఉరుకుతుంటె జూసిన టీచర్, పిలిస్తె పలుకలే" అంది వంట చేసే అక్క. తరగతిని ఆమెకు అప్పగించి పరుగులాంటి నడకతో బయల్దేరాను.

పిల్ల తల నున్నగా దువ్వించుకుని, వాళ్ళింటి వాకిట్లో రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. గుంజకు ఒక కోడిని కట్టేసి ఉంచారు. నాయనమ్మ నన్ను చూసి నవ్వుకుంటూ లేచింది.

"రా టీచరమ్మా. మా కోడలు నీకు ఫోన్ జేసిందట గదా. ఏ బస్సుకు వస్తున్నరు? కోడిని గూడ పట్టి పెట్టిన."

"నాకేం ఫోన్ రాలే అవ్వా. ఎవరు జెప్పిన్రు?"

ముసలామె పిల్ల వైపు చూసింది. పిల్ల నా వైపు చూసింది.

"నువ్వే గదా టీచర్, యాడిని ఇంటికాడికి తెచ్చినవ్" అంది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ.

ఆ ఎర్రపూలు మిరపకాయలని నాకు అప్పుడు తట్టింది. తల్లి ఎక్కడుందో అక్కడే పెట్టింది పిల్ల, కాటారం అంత దూరం కాబట్టి అట్ట చివరికి. తల్లి కబురు తెచ్చే మనిషినే నేను. నేనే ఆమెను తీసుకొచ్చి గుమ్మంలో నిలబెడితే ఆ పిల్ల ఇంకేమనుకుంటుంది?

"తప్పు నాదే బిడ్డా. బొమ్మ మంచిగ కనవడాలని జరిపిన. అమ్మ ఇంక బయలెల్లలే" అన్నాను.

ముసలామె వంగి, కోడి కాలికి కట్టిన తాడు విప్పేసింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అక్కడి నుంచే తల్లికి ఫోన్ చేశాను. మూడోసారికి కలిసింది. తల్లీ కూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు అర్థం కాలేదు, పిల్ల ఊ కొట్టడం తప్ప. చివర్లో తల్లి నాతో, "ఏరుడు ఇంక ఒడువలే టీచర్. పదిహేను దినాలన్న అయితది" అంది.

పిల్లను వెంటబెట్టుకుని బడికి వచ్చాను. గోడ మీది అట్ట తీసి దాని ఒళ్ళో పెట్టి, నీ ఇష్టమున్నట్టు పెట్టుకొమ్మన్నాను. అమ్మనూ నాన్ననూ గుమ్మం ముందు నుంచి పీకి మళ్ళీ ఆ మూలకు అతికించింది. ఎర్రపూలు ఒక్కొక్కటే చెట్టు నుంచి తీసి వాళ్ళ కాళ్ళ దగ్గర పరిచింది. ఆ తర్వాత ఇంటి ముందున్న చిన్నపిల్లను గోటితో లేపి, తీసుకెళ్ళి తల్లి పక్కన పెట్టింది.

కాసేపు అట్టనే చూస్తూ కూర్చుంది. ఇంటి దగ్గర ముసలామె ఒక్కతే నిలబడి ఉంది. పిల్ల మళ్ళీ గోరు పెట్టి ఆ చిన్నపిల్లను తల్లి పక్క నుంచి పీకింది. వెనక్కి తెచ్చి నాయనమ్మ పక్కన పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమింది.

"అవ్వ ఒక్కతే అయితది టీచర్" అంది.